బేబీ కార్న్ కంకి సన్నగా, వంకరగా వస్తుంది, ఇంకో బస్తా డీఏపీ వెయ్యాల్నా?

ప్రశ్న: మాది చేవెళ్ల దగ్గర పల్లె, ఎకరంన్నర చల్క, బోరు కింద బేబీ కార్న్ వేస్తున్న, ఇది వరసగా నాలుగో పంట. మొదటి రెండు మంచిగనే వచ్చినయి. ఇప్పుడు మొక్క ఏపుగా నల్లగ పెరుగుతది గాని కంకి సన్నగా, కొన్ని వంకరగా, కొసకు వరసలు లేకుండ వస్తున్నయి, రెండో కంకి అయితే లెక్కలోకి రాదు. ఎకరానికి విత్తేటప్పుడు రెండు బస్తాల డీఏపీ, ఇరవై రోజులకు రెండు, ముప్పై అయిదు రోజులకు రెండు బస్తాల యూరియా వేసిన. పొటాష్ వెయ్యలే, మన ఎర్రనేలకు అక్కర్లేదన్నరు. పొట్టు తీసినంక ఎకరానికి మూడున్నర క్వింటాళ్లు దాటలే, హోటళ్లకు పంపే ఆయన అందుల సగం వాపస్ ఇస్తుండు. పచ్చి మేత మా ఊళ్లనే డెయిరీ ఆయనకు అమ్ముతున్న. ఇంకో బస్తా డీఏపీ వెయ్యాల్నా, షాపాయన చెప్పిన టానిక్ కొట్టాల్నా?

జవాబు: అన్నా నమస్తే. రెండూ వద్దు. డీఏపీ పెంచకండి, టానిక్ డబ్బులు జేబులనే ఉంచుకోండి. మీ చేనుకు మందు తక్కువై ఇట్ల కాలేదు, ఒకటి బాగా ఎక్కువై ఇంకోటి అసలే లేక, వేసింది కూడా కంకికి అవసరమైన రోజుల్ల అందక ఇట్ల అయింది. మీరు ఏం వేసిన్రో, ఎప్పుడు వేసిన్రో బస్తాల లెక్కతోని సహా రాసిన్రు, చాలామంది అది రాయరు, అందుకే మీకు గట్టిగ చెప్పగలుగుతున్న.

ముందు మీ బస్తాలు విప్పి చూద్దాం. డీఏపీ బస్తా 50 కిలోలు, అందుల నత్రజని 18 శాతం, భాస్వరం 46 శాతం, అంటే రెండు బస్తాలకు నత్రజని 18 కిలోలు, భాస్వరం 46 కిలోలు. యూరియా బస్తా ఇప్పుడు 45 కిలోలే, అందుల 46 శాతం నత్రజని, నాలుగు బస్తాలకు దగ్గర దగ్గర 83 కిలోలు. మొత్తం కలిపితే ఎకరానికి నత్రజని 101 కిలోలు, భాస్వరం 46, పొటాష్ సున్నా. బేబీ కార్న్‌కు హెక్టారుకు చెప్పే మోతాదు నత్రజని 150 నుంచి 180 కిలోలు, భాస్వరం 60, పొటాష్ 60, జింక్ సల్ఫేట్ 25 కిలోలు. దాన్ని ఎకరానికి మారిస్తే నత్రజని 60 నుంచి 72, భాస్వరం 24, పొటాష్ 24, జింక్ సల్ఫేట్ 10 కిలోలు. ఇగ పక్కపక్కన పెట్టి చూడండి, భాస్వరం దాదాపు రెండింతలు, నత్రజని సగానికి సగం ఎక్కువ, మిగతా రెండు అసలు లేనే లేవు. దీని మీద ఇంకో బస్తా డీఏపీ వేస్తే ఏమైతది, ఉన్న తేడా ఇంకా పెరుగుతది, అంతే.

యూరియా ఎక్కువ వెయ్యడంల మిమ్మల్ని తప్పు పట్టట్లే, బస్తా 266 రూపాయలకు దొరుకుతది, వేసిన నాలుగైదు రోజులకే చేను నల్లగ కళ్లకు కనిపిస్తది, ఏ రైతుకైనా మనసు అటే పోతది. పొటాష్ వేస్తే అట్ల పైకి ఏం కనిపించదు. కాని మనం అమ్మేది ఆకు కాదు గదా అన్నా, కంకి, అదీ సన్నగ గట్టిగ వరసలు సమానంగ ఉన్న కంకి, బేరం చేసేటోడు చూసేది అదొక్కటే.

ఇప్పుడు పొటాష్ సంగతి, మీ ప్రశ్నకు జవాబు అంతా ఎక్కువ దీని చుట్టే ఉంది కాబట్టి కొంచెం నిదానంగ చెప్త. ఎర్రనేలకు పొటాష్ అక్కర్లేదు అన్న మాట పాత రోజుల్లది, ఏడాదికి ఒక్క వానాకాలం పంట వేసి చొప్ప మన గొడ్లకే వేసి ఆ పెంట మళ్లీ మన చేన్లనే పోసుకున్న కాలంల అది నడిచింది. మక్కజొన్న మొక్క భూమిల నుంచి తీసుకునే పొటాష్‌ల ఎక్కువ భాగం గింజలకు పోదు, కాండంల ఆకులల్లనే ఉండిపోతది. మీరేం చేస్తున్నరు, కంకులు తెంపినంక పచ్చి మొక్కను మొదలుకు కోసి ట్రాలీల వేసి డెయిరీకి పంపుతున్నరు. ఎకరానికి 100 నుంచి 160 క్వింటాళ్ల పచ్చి మేత వచ్చే పంట ఇది. ఆ మేతతోని పోయే పొటాష్ ఎకరానికి వెయ్యమని చెప్పే 24 కిలోలకు తగ్గదు. ఒకసారి పోతే నేల తట్టుకుంటది, అందుకే మీకు మొదటి రెండు పంటలు మంచిగ వచ్చినయి. మూడోసారికి నేల చెయ్యెత్తేసింది. చల్క నేలల బంక మట్టి తక్కువ, నల్ల రేగడి లెక్క పొటాష్‌ను పట్టి దాచుకునే శక్తి దానికి లేదు.

మరి పొటాష్ లేకపోతే కంకికి ఏమైతది అంటే, ఆకుల తయారైన చక్కెరను కంకి దాకా చేరవేసే పనిల పొటాష్ చెయ్యి చాలా ఉంటది. అది లేకపోతే ఆకు నల్లగనే ఉంటది గాని ఆ బలం కిందికి దిగదు. మొక్క నీళ్లు దాచుకునే పని కూడా దానిదే, పొటాష్ తక్కువున్న మొక్క మధ్యాహ్నం ఎండకు తొందరగ వాడుతది. కాండం పీలగ ఉండి గాలికి వంగుతది. మీరొకసారి చేన్లకు పోయి కింది ఆకులు చూడండి, పైవి కాదు, నేల నుంచి మూడోది నాలుగోది. ఆకు అంచులు కొస నుంచి మొదలై రెండు పక్కలా పసుపై, తర్వాత నిప్పు తగిలినట్టు గోధుమ రంగుకు ఎండి, నడుమ ఈనె మాత్రం పచ్చగ ఉందా, అది పొటాష్ లోపం. అట్ల కాకుండ కొస నుంచి నడుమ ఈనె వెంబడి పసుపు లోపలికి దిగి అంచులు పచ్చగ ఉంటే అది నత్రజని లోపం. రెండూ కింది ఆకులల్లనే వస్తయి కాబట్టి చాలామంది కలగలిపి చూసి, పసుపు అంటే యూరియానే అని ఇంకో గంపెడు చల్లుతరు. పసుపు అంచున ఉందా నడుమ ఉందా, అంతే తేడా, ఆకు చేతిలకు తీసుకుని చూస్తే అర నిమిషంల తెలిసిపోతది.

జింక్ లోపం కింది ఆకుల కాదు, లేత ఆకులల్ల కనిపిస్తది, విత్తిన రెండు మూడు వారాలకు. సుడిలనుంచి కొత్తగ వచ్చే ఆకు మొదలు వైపు సగంల, నడుమ ఈనెకు రెండు పక్కలా పాలిపోయిన తెల్లటి పట్టీలు పడతయి, ఈనె, అంచులు పచ్చగ ఉంటయి, బాగా ఎక్కువైతే మొవ్వు మొత్తం తెల్లబడతది, మొక్క కణుపులు దగ్గర దగ్గరై గిడసబారుతది. మీకు ఇది కొద్దిగనన్న ఉండి ఉంటది అని నా అనుమానం, ఎందుకంటే భాస్వరం మోతాదు మించితే మొక్కకు జింక్ అందడం తగ్గుతది, నాలుగు పంటల నుంచి రెండు బస్తాల డీఏపీ పడ్డ నేల మీది. అంటే ఆ రెండో బస్తా మీకు లాభం చెయ్యకపోవడం ఒక్కటే కాదు, ఉన్న జింక్‌ను కూడా అందకుండ చేస్తుంది. దాన్ని మానేస్తే మిగిలే 1350 రూపాయలు పొటాష్ ఖర్చుల పెద్ద భాగం మోస్తయి, కొత్తగ అప్పు చేసే పని లేదు.

ఇంకో మాట, చలికాలం మన హైదరాబాద్ చుట్టుపక్కల డిసెంబర్ జనవరిల విత్తిన మక్క చిన్న మొక్కలు ఊదా రంగుకు వస్తయి, అది చూసి భాస్వరం లోపం అని డీఏపీకి ఉరుకుతరు. నేల చల్లగ ఉంటే వేర్లు సరిగ సాగక నేలల భాస్వరం ఉన్నా తీసుకోలేవు, నాలుగు రోజులు ఎండ కాస్తే దానంతట అదే పోతది. ఆ ఒక్క రంగు చూసి బస్తా కొనకండి.

ఇగ రెండో తప్పు టైముది. అన్నా, మక్క మొక్కల కంకి పుట్టేది పీచు బయటికి వచ్చిననాడు కాదు. మొక్క అయిదారు ఆకులున్నప్పుడే లోపల కంకి మొలకలు మొదలైతయి. ఏడెనిమిది ఆకుల దశల, అంటే మోకాలెత్తు కంటే కొంచెం ముందు వెనక, పై కంకికి ఎన్ని వరసలు ఉండాలె అన్నది ఖరారైతది. ఒక్కో వరసల ఎన్ని బుడిపెలు అన్నది ఆ తర్వాత పీచు రావడానికి వారం ముందు దాకా నడుస్తది. ఆ నడుమ రోజుల్ల మొక్క ఆకలిగున్నా, నీళ్లకు తండ్లాడినా కంకి పొట్టిగ, సన్నగ, కొసకు బోడిగ వస్తది, తర్వాత ఎంత పోసినా ఆ వరసలు వెనక్కి రావు. మీరు రెండు బస్తాలు ఒకేసారి ఇరవై రోజులకు వేసిన్రు, చల్క నేలల బోరు నీళ్లు పెట్టినప్పుడల్లా అందుల కొంత వేర్ల కిందికి దిగిపోయి ఉంటది. ఆఖరు వాటా ముప్పై అయిదు రోజులకే అయిపోయింది. మీ కోతలు నడిచేది నలభై అయిదు, యాభై రోజుల నుంచి, పది పదిహేను రోజులు. అప్పుడు రెండో కంకికి, మూడో కంకికి తినడానికి ఏముంది? రెండో కంకి లెక్కలోకి రాదు అని రాసిన్రు గదా, ఇదే కారణం.

కాబట్టి వచ్చే పంటకు ఎకరం లెక్క ఇట్ల పెట్టుకోండి. ఆఖరి దుక్కిల 10 కిలోల జింక్ సల్ఫేట్, దాన్ని డీఏపీతోని కలపకండి, రెండూ ఒకే చోట పడితే ఒకదాన్నొకటి కరగకుండ చేసుకుంటయి. జింక్ ముందు దుక్కిల చల్లి కలియదున్ని, డీఏపీని రెండు మూడు రోజుల తర్వాత విత్తేటప్పుడు సాలుల వెయ్యండి. డీఏపీ ఒక్క బస్తా చాలు, అందుల 23 కిలోల భాస్వరం, 9 కిలోల నత్రజని ఉంటయి, అడుగుమందుల వేరే యూరియా వద్దు. పొటాష్ మొత్తం 40 కిలోలు, అంటే మ్యూరేట్ ఆఫ్ పొటాష్, అందుల 60 శాతం కాబట్టి 24 కిలోలు వస్తయి. మామూలుగ మొత్తం అడుగుమందుల వెయ్యమంటరు గాని మీది తేలిక చల్క కాబట్టి సగం విత్తేటప్పుడు, సగం ఎనిమిది ఆకుల దశల యూరియాతోని కలిపి వెయ్యండి, అది నా సలహా.

యూరియా మొత్తం రెండున్నర బస్తాలు, దాన్ని నాలుగు సార్లు పంచాలె. నాలుగు ఆకులప్పుడు, దగ్గర దగ్గర పది పన్నెండు రోజులకు, 25 కిలోలు. ఎనిమిది ఆకులప్పుడు, ఇరవై అయిదు రోజుల అటు ఇటు, 40 కిలోలు, అన్నిట్ల పెద్ద వాటా ఇదే, ఎందుకో పైన చెప్పిన. జల్లు, అంటే మొక్క కొసన వచ్చే మగ పూత, బయటికి రావడానికి కొంచెం ముందు, నలభై రోజులప్పుడు, 32 కిలోలు. జల్లు తీసేసినంక మిగతా 15 కిలోలు, అది రెండో మూడో కంకుల కోసం. డీఏపీలది కూడా కలిపితే నత్రజని 60 కిలోలు దాటుతది, మీ నేలకు మొదలు అది చాలు, 72 దాకా పోయే అవసరం ఉందో లేదో మట్టి పరీక్ష చెప్తది. రోజులు లెక్కపెట్టుకుంట కూసోకండి, ఆకులు లెక్కపెట్టండి, ఎందుకంటే వానాకాలం పన్నెండు రోజులకు వచ్చే దశ చలికాలం ఇంకా కొన్ని రోజులు ఆలస్యంగ వస్తది. ఇన్నిసార్లు వెయ్యాల్నా, కూలి ఎవరిస్తరు అంటరేమో, కరెక్టే, కాని మీకు డ్రిప్ ఉంటే యూరియా, తెల్ల పొటాష్ నీళ్లల్ల కరిగించి ఇంకా చిన్న చిన్న వాటాలుగ పంపొచ్చు, ఆ కూలి కూడా మిగులుతది, డీఏపీ మాత్రం డ్రిప్‌ల పొయ్యకండి, సరిగ కరగక రంధ్రాలు మూసుకుంటయి.

యూరియా వేసే తీరు మీద కూడా ఒక మాట. పొద్దున ఎండల పొడి నేల మీద చేతితోని చల్లి, రెండు రోజుల తర్వాత కరెంటు వచ్చినప్పుడు నీళ్లు పెడతరు చాలామంది, ఆ రెండు రోజుల్ల అందుల మంచి భాగం గాలికి పోతది, వేపపూత యూరియా అయినా సరే. మొక్క మొదలుకు నాలుగు వేళ్ల దూరంల, సాలు పక్కన చిన్న గీతలాగ తీసి, అందుల వేసి మట్టి కప్పండి, నేల పదును ఉండాలె, లేకపోతే వేసిన పూటనే తేలికగ నీళ్లు ఇయ్యండి. బోదె ఎగదోసేటప్పుడు వేసుకుంటే ఒకే కూలితోని రెండు పనులు అయితయి. సుడిల గింజలు పడకుండ చూసుకోండి, లేత ఆకు కాలిపోతది. వాన కొట్టి నీళ్లు నిలిచి చేను పసుపైతే ముందు నీళ్లు బయటికి తీయండి, తర్వాత లీటరుకు 20 గ్రాముల యూరియా కలిపి ఒకసారి పిచికారీ చేస్తే తేరుకుంటది, నిలిచిన నీళ్లల్ల బస్తా చల్లితే మాత్రం దండగ.

డీఏపీ దొరకకపోతే సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ మూడు బస్తాలు వేసుకోండి, 24 కిలోల భాస్వరంతోని పాటు గంధకం కూడా వస్తది, డీఏపీల అది ఉండదు. అప్పుడు విత్తేటప్పుడు 13 కిలోల యూరియా అడుగుల కలపాలె, నాలుగు ఆకులప్పటి వాటా నుంచి జల్లు తీసినంక వాటా దాకా అవే నడిపించండి, ఆఖరుదాన్ని మాత్రం ఒక నాలుగైదు కిలోలు పెంచుకోండి.

ఇవన్నీ బస్తా మందుల సంగతి. మీ నేలకు అంతకన్నా ముందు కావాల్సింది పెంట. నాలుగు పంటల నుంచి చేనుల నుంచి తీసుకుపోతనే ఉన్నరు, తిరిగి పోసింది ఏమన్న ఉందా, మీ ఉత్తరంల ఆ మాట లేదు. పంటకు ఎకరానికి మూడు నాలుగు టన్నుల చివికిన పశువుల ఎరువు పడాలె, అది పడితేనే మీరు వేసే యూరియా, పొటాష్ ఆ చల్కల కొంచెమన్న నిలబడతయి. మీకు దారి కూడా దగ్గర్లనే ఉంది, మేత కొనే డెయిరీ ఆయనతోని మాట్లాడండి, రేటుల కొంత భాగం డబ్బులకు బదులు పెంట రూపంల ఇయ్యమనండి. మీ చేను పొటాష్ ఆయన కొట్టంల ఉంది అన్నా, బర్రెలు తిన్న పొటాష్ ఎక్కువ శాతం మూత్రంల బయటికొస్తది, కాబట్టి మూత్రం ఇంకిన గడ్డి, చెత్త, కొట్టం ఊడ్చిన మట్టి కూడా ట్రాలీల ఎక్కించుకోండి, ఒట్టి పేడ కుప్ప ఒక్కటే కాదు. చేవెళ్ల, షాద్‌నగర్ వైపు కోళ్ల ఫారాలు బాగున్నయి కాబట్టి కోళ్ల ఎరువు సులువుగ దొరుకుతది, మంచిదే, నత్రజని భాస్వరం రెండూ అందుల ఎక్కువ, కాని పచ్చిగ ఉన్నది తెచ్చి విత్తనం కింద వేస్తే మొలక కాలుతది, కుప్ప వేసి నీళ్లు చల్లి బాగా మాగినంకనే వాడండి, అది వేసిన పంటకు డీఏపీ సగానికి తగ్గించుకోవచ్చు. భాస్వరం ఇప్పటికే నేలల పేరుకుని ఉంది కాబట్టి పీఎస్‌బీ అనే భాస్వరం కరిగించే బ్యాక్టీరియా రెండు కిలోలు 50 కిలోల చివికిన పెంటల కలిపి సాళ్లల్ల వేసుకుంటే ఆ నిలువ కొంత బయటికి వస్తది, ఖర్చు కూడా చాలా తక్కువ. ఏడాదిల ఒక్కసారన్న మక్క మీద మక్క ఆపి జనుమో, జీలుగో, పెసరో వేసి దున్నండి.

మట్టి పరీక్ష చెయ్యమంటే రైతులు వద్దనరు గాని మట్టి తీసే కాడ తొందర పడతరు. పంట తీసినంక, మళ్లీ ఏ మందూ వెయ్యకముందు తియ్యాలె. ఎకరంన్నరల ఒక ఎనిమిది పది చోట్ల, గట్టు పక్కన, చెట్టు కింద, పెంట కుప్ప ఉన్న చోటు వదిలేసి, పైన చెత్త గీకి, ‘వి’ ఆకారంల జానెడు లోతు గుంట తవ్వి, ఆ మట్టి తీసి పారేసి, గుంట గోడ నుంచి పైనుంచి కింది దాకా అంగుళం మందంల ఒక చెక్క తీయాలె. అన్నీ బట్ట మీద కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు తీసేసుకుంట అరకిలో మిగిలేదాకా తగ్గించి నీడల ఆరబెట్టండి. యూరియా సంచిల మాత్రం పొయ్యకండి, రిపోర్టు తప్పు వస్తది. మీ క్లస్టర్ ఏఈవో (వ్యవసాయ విస్తరణ అధికారి) గారికి రైతు వేదికల ఇయ్యొచ్చు. జింక్ కూడా చూడమని చెప్పండి, 0.6 పీపీఎం కంటే తక్కువ వస్తే లోపం ఉన్నట్టే. రిపోర్టుల ఏదన్న పోషకం తక్కువ అని ఉంటే పైన చెప్పిన మోతాదుకు 30 శాతం కలపండి, ఎక్కువ అని ఉంటే 30 శాతం తీసెయ్యండి, మధ్యస్తంగ ఉంటే అదే వెయ్యండి. మీకు భాస్వరం ఎక్కువ అని వస్తదనే అనుకుంటున్న, అట్ల వస్తే డీఏపీ ఒక్క బస్తా కూడా పట్టదు, 35 కిలోలు చాలు.

ఇప్పుడున్న పంటకు ఏం చెయ్యాలె అంటే, జల్లు ఇంకా రాకపోతే 15, 20 కిలోల పొటాష్ సాలు పక్కన వేసి నీళ్లు పెట్టండి, యూరియా ఇంక వద్దు. లేత ఆకుల్ల తెల్ల పట్టీలు కనిపిస్తే లీటరుకు రెండు గ్రాముల జింక్ సల్ఫేట్ వారం తేడాతోని రెండు సార్లు కొట్టండి. కోతలు మొదలైపోయి ఉంటే మాత్రం ఏదీ కొట్టకండి, మనం తెంపిన కంకి మూడో రోజుకు పిల్లల ప్లేట్ల ఉంటది, తొక్క తీసి ఉడకబెట్టి తినే గింజ కాదు, మొత్తానికి మొత్తం తినే కంకి. కత్తెర పురుగు మందుల విషయంల కూడా ఇదే మాట, 2018ల వచ్చినప్పటి నుంచి అది మక్కను వదలట్లే, యూరియా ఎక్కువై మెత్తబడ్డ లేత ఆకు దానికి ఇంకా ఇష్టం, నత్రజని అదుపుల పెడితే ఆ బాధ కూడా కొంత తగ్గుతది. కొట్టాల్సి వస్తే కంకి కనబడక ముందే, ఏఈవోను అడిగి, సుడిలకు కొట్టి ఆపెయ్యండి.

హోటళ్ల ఆయన వాపస్ ఇచ్చిందంతా బస్తా మందుల వల్లనే అని కూడా అనుకోకండి. వాళ్లకు కావాల్సింది పొట్టు తీసినంక 6 నుంచి 11 సెంటీమీటర్ల పొడవు, 1 నుంచి ఒకటిన్నర సెంటీమీటర్ల మందం, లేత పసుపు లేదా మీగడ రంగు, వరసలు తిన్నగ. పీచు బయటికొచ్చి ఒకటి నుంచి మూడు సెంటీమీటర్లు ఉన్నప్పుడే తెంపాలె, అంటే వచ్చిన ఒకటి రెండు రోజుల్లనే, వానాకాలం రోజూ, చలికాలం రోజు విడిచి రోజు. ఒక్క రోజు పెళ్లికి పోయి వస్తే మరునాడు ఆ కంకి లావై పనికిరాకుండ పోతది, దాన్ని ఏ పొటాష్ బాగు చెయ్యదు. పొద్దున చల్లటి పూట తెంపి నీడల పొట్టు తీయండి, కుప్ప పొయ్యకుండ బుట్టలల్ల పలుచగ పెట్టి అదే రోజు పంపండి, కుప్పల వేడికి రంగు మారుతది. జల్లు ఆకుల నుంచి బయటికి రాంగనే లాగెయ్యండి, అప్పుడు ఆ బలం కంకులకు మళ్లుతది, పైగా గింజ పట్టకుండ ఉంటది, కాని జల్లుతోని పాటు ఆకులు తెంపకండి, అవే కంకికి తిండి పెట్టేది. తీసిన జల్లు బర్రెలకు వెయ్యొచ్చు.

ఏ విత్తనమో మీరు రాయలే. గింజల మక్క హైబ్రిడ్ తెచ్చి వేసుంటే వంకర వరసలకు అదీ ఒక కారణం కావొచ్చు. హర్యానా వ్యవసాయ యూనివర్సిటీ వాళ్ల హెచ్‌ఎం-4, ప్రైవేటుల జీ-5414 లాంటివి బేబీ కార్న్ కోసమని పేరున్నవి, రెండు మూడు కంకులు ఇస్తయి. సాళ్ల మధ్య 60, మొక్కల మధ్య 20 సెంటీమీటర్లు పెడితే ఎకరానికి 33 వేల పైచిలుకు మొక్కలు, 45 కి 20 పెడితే దాదాపు 45 వేలు. మీ నేల ఇప్పుడున్న పరిస్థితిల 60 కి 20 పెట్టండి, నేల బలం పుంజుకున్నంక దగ్గర చెయ్యొచ్చు. రాజేంద్రనగర్‌ల వ్యవసాయ యూనివర్సిటీ మక్కజొన్న పరిశోధన కేంద్రం మీకు గంట దూరమే, విత్తనం తీసుకునే ముందు ఒకసారి పోయి మాట్లాడి రండి.

మంచి యాజమాన్యంల పొట్టు తీసినంక ఎకరానికి 6 నుంచి ఏడున్నర క్వింటాళ్లు రావాలె. ఒక్క పంటకే అక్కడికి చేరతరని చెప్పను, నేలకు పెంట పడి నిలదొక్కుకోవాలె గదా, కాని వాపస్ వచ్చే మాల్ వచ్చే పంటకే తగ్గాలె. నా మాట నమ్మి ఎకరంన్నర మొత్తం మార్చెయ్యమని కూడా అనను, ఒక మూలకు ఆరేడు సాళ్లు మీ పాత పద్ధతిలనే ఉంచండి, మిగతాది పైన చెప్పినట్టు చెయ్యండి. కోత రోజు రెండిట్ల నుంచి ఒక్కో కిలో పొట్టు తీసిన కంకులు వేరువేరు బుట్టలల్ల పెట్టి కిలోకు ఎన్ని తూగినయి, ఎన్ని వాపస్ వచ్చినయి రాసిపెట్టుకోండి. మేత కోసిన వారంలనే మట్టి తీసి ఏఈవో గారికి ఇచ్చెయ్యండి, రిపోర్టు చేతికి వచ్చేదాకా మందుల షాపుకు పోకండి, వచ్చినంక దాని ఫొటో, ఏ విత్తనమో ఆ ప్యాకెట్ ఫొటో పంపితే మీ ఎకరంన్నరకు బస్తాల లెక్క మళ్లీ సరిచేసి రాస్త.